వణుకు వాల్వు

రెండువేల పద్దెనిమిది, డిసెంబరు ఇరవై నాలుగు. చర్చిలో పాటలయ్యాక ఇమ్మానుయేల్, అతని భార్య సుమలత మెట్ల మీద కూర్చుని బియ్యప్పిండి సర్వప్ప తిన్నారు, పాత గాజు వాల్వుల యాంప్లిఫయర్ చల్లబడేదాకా. దాని ఒక రంధ్రంలో అతని గిటారు వైరు, పక్క రంధ్రంలో ఆమె మైకు. మరుసటి ఏడు చర్చికి కొత్త స్పీకర్లు వచ్చాయి. పాతది పాత సామాన్లవాడి చేతికి పోయింది. ఆ తర్వాత సుమలతా పోయింది. ఆమె పాట ఎవరూ రికార్డు చేసి పెట్టలేదు.

మహబూబాబాద్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన ఇమ్మానుయేల్, ఫోన్లో అమ్మకానికి పెట్టిన ఒక యాంప్లిఫయర్ ఫొటో చూసి గిటారుతో సహా పొద్దున్నే రైలెక్కాడు. ఊడిన గుబ్బకు బదులు సుమలత బిగించిన టూత్‌పేస్ట్ మూత ఆ ఫొటోలో ఇంకా అక్కడే ఉంది. పెట్టె జనగామలో మైక్‌సెట్లు కిరాయికిచ్చే రంజిత్ ఇంట్లో ఉంది.

ఇమ్మానుయేల్ దాని వెనక చెక్క విప్పి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎలుక పెంటికలు, గుట్కా ఉమ్మిన చారలు, అన్నిటినీ మించి వెల్లుల్లి కంపు. వాల్వుల గాజు మీద ఎవరో రెబ్బలు రుద్దారు. రసం ఎండి జిగురైంది, దానికి పొట్టు అంటుకుంది.

రంజిత్ ఏమాత్రం సిగ్గుపడలేదు. పాత వాల్వుల్లో రెడ్ మెర్క్యురీ అనే ఎర్ర పాదరసం ఉంటుందట, కోట్లు పలుకుతుందట. వెల్లుల్లి చూపిస్తే పారిపోతుందట, అద్దంలో కనబడదట. భూపాలపల్లి నుంచి దాన్ని కొనే పార్టీ సాయంత్రం వచ్చి అన్నీ పగలగొట్టి చూస్తుందట.

"అది వట్టి పుకారు తమ్మీ. లోపల గాలి కూడా ఉండదు."

"గట్లయితే నువ్వెందుకొచ్చినవ్ సార్? ఉత్త డబ్బా కోసం రైలెక్కినవా?"

నా భార్య దీంట్లో పాడేది అనబోయాడు ఇమ్మానుయేల్. ఆ కంపులో ఆ మాట బయట పెట్టబుద్ధి కాలేదు.

స్విచ్ వేశాడు. వాల్వుల్లో నారింజ వెలుగు మెల్లగా నిండింది. ట్రాన్స్‌ఫార్మర్ మాడుతోందేమోనని వంగి వాసన చూస్తే ముక్కుకు వెల్లుల్లే తగిలింది. గుబ్బలు తిప్పితే కరకరలాడాయి. అది దుమ్మే, తుడిస్తే పోతుంది. గిటారు తగిలించి ఒక తీగ మీటాడు. పెట్టె గొంతు అదే. పక్కన రంజిత్ చేతి అద్దం పట్టుకుని అందులో వాల్వుల నీడ వెతుకుతున్నాడు.

"ఒకటి పగలగొడదాం. ఏమీ లేకుంటే పాత సామాన్ల ధరకు నాకియ్యి."

బేరగాడిలా పలికిన తన గొంతు విని ఇమ్మానుయేల్‌కు తన మీదే రోత పుట్టింది. అయినా ఏ వాల్వు పగలగొట్టాలో అతనికి తెలుసు. స్వరాన్ని వణికించడానికి తప్ప పనికిరానిది ఒకటుంది. అది లేకపోయినా పాట ఆగదు. సుమలత దాన్ని వేయనిచ్చేదే కాదు, పాటకు చలిజ్వరం వచ్చినట్టుంటుందని. ఆమె వద్దన్నదే ఇవాళ అక్కరకొచ్చింది.

స్విచ్ ఆపి, చల్లారాక ఆ వాల్వును లాగి, రుమాలులో పట్టుకుని గాజు కొన విరిచాడు. సుయ్‌మని గాలి లోపలికి దూరింది. లోపల వెండిలా మెరిసే పూత చూస్తుండగానే పాలలా తెల్లబడింది. రంజిత్ నెత్తి పట్టుకున్నాడు.

"పాయె సార్. గాలి తగలంగనే ఎగిరిపాయె."

"అది ఉత్త పూత తమ్మీ. గాలి తగిలితే రంగు మారుతది."

"నాకు చెప్పకు, కండ్లార చూసిన. గా భూపాలపల్లోళ్లు గీ ముచ్చట చెప్పనే లేదు. మిగిలినయి పగలగొట్టినా గింతే గద. నువ్వన్న ధరకే తీస్కపో సార్, ఇల్లంత ఎల్లిగడ్డ కంపు."

రంజిత్‌కు నమ్మకం పోలేదు, ఆశే పోయింది. అతని భార్య రాజీ పెట్టెను తడిగుడ్డతో తుడిచి, రైల్లో దుమ్ము పడకుండా పాత చీర చుట్టి కట్టింది. టూత్‌పేస్ట్ మూత ఊడకుండా దాని మీద ఇంకో మడత వేసింది. ఆ ఇంట్లో ఇమ్మానుయేల్ మనసుకు రోత పుట్టించనిది అదొక్కటే.

చీకటి పడే వేళకు ఇల్లు చేరాడు. కూతురు మనీషా ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఏందీ కంపు, బాపూ?"

"ఎల్లిగడ్డ బిడ్డా."

గాజును స్పిరిట్‌తో ఎంత తుడిచినా వాసన వదల్లేదు. వేడెక్కేసరికి ఇంకా ఎక్కువై గదంతా నిండింది. ఇమ్మానుయేల్ గిటారు వైరును తన రంధ్రంలో పెట్టి, రెండోది ఖాళీగా వదిలి, ఆమె ఎత్తుకునే శ్రుతి దగ్గర మొదలుపెట్టాడు. ఆమె పాడవలసిన చోట ఆగాడు. ఆ చోట యాంప్లిఫయర్ ఒక్కటే సన్నగా గుయ్‌మంది.

మనీషా గుమ్మం దగ్గర నిలబడి కొంతసేపు విన్నది. చున్నీ ముక్కు మీంచి దించి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.