సీ డ్రైవ్‌లో జాగా

దుమ్ముగూడెంలో మా ఆన్‌లైన్ సెంటర్ కంప్యూటర్‌కి ఉన్నది ఒకటే డ్రైవు. దాన్ని గొంతు దాకా నింపిన ఘనత మా ఆయన రాందాస్‌ది. మొన్నటి వరదలో ఇళ్లలోని కాగితాలు నానిపోయాక, జనం చివికిపోతున్న తమ పాసుబుక్కులు, పోడు పొలం హద్దుల వెంట నడుస్తూ తీసిన వీడియోలు తెచ్చి, కంప్యూటర్‌లో దాచమని ఈయన చేతిలో పెట్టారు. ఎవరి కాగితం వాళ్లకి తెర మీద కనపడాల్సిందే. సంతకొచ్చినప్పుడల్లా భీమక్క తలుపులోంచి తొంగిచూసి, "నాది ఉందా బిడ్డా?" అంటుంది. చూపిస్తే గానీ కదలదు.

ఆ రోజు రాజ్యశ్రీ అనే పిల్ల నర్సింగ్ సీటుకి సర్టిఫికెట్లు పంపాలి. సాయంత్రం ఐదుకి ఆఖరు. అడవిలో వాళ్ల ఊరి నుంచి ఆటో దొరికి వచ్చేసరికే నాలుగు దాటింది. స్కాన్ నొక్కితే డిస్కులో చోటు లేదంది. ఫోన్లో ప్రయత్నిస్తే నెట్ అందలేదు.

రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను. డౌన్‌లోడ్లు తీసేశాను. వచ్చిన కాస్త జాగానూ కంప్యూటర్ ఏదో అప్‌డేట్ పేరుతో మింగేసింది. ఒళ్లు మండి, భద్రాచలం వెళ్లిన ఆయనకి ఫోన్ చేశాను.

"జనాలవి ముట్టకు పుష్పా, అసలు కాగితాలు కూడా లేవు వాళ్లకు," అన్నాడు. "నీ క్లాసులు తీసెయ్. గవ్వే సగం ఉన్నయ్."

నా క్లాసులు. టీచర్ పరీక్ష కోసం మూడేళ్లు పోగుచేసుకున్న వీడియో పాఠాలు. కోర్సు గడువు అయిపోయింది, మళ్లీ దొరకవు. వచ్చే నోటిఫికేషన్‌కి రాయాలనుకుంటూనే ఉన్నాను.

"అక్కా, ఐతదా?" అంది రాజ్యశ్రీ. నాలుగూ నలభై.

ఆయన మీద, అప్‌డేట్ మీద, పాపం ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. కొంచెం కొంచెం తీస్తే అప్‌డేట్ మళ్లీ మింగేస్తుందని, పళ్లు కొరుక్కుంటూ నా క్లాసుల ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టాను, బిన్‌లో కూడా లేకుండా. ఐదుకి మూడు నిమిషాలుండగా దరఖాస్తు వెళ్లింది. రాజ్యశ్రీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆరింటికి ఆయన వచ్చి తెర చూసి మురిసిపోయాడు. "చూసినవా, ఎంత ఖాళీ అయిందో! ముందే తీసేస్తే ఏం పోయేది?"

"ఏం పోలేదు," అన్నాను. చెప్పులేసుకుని ఆయన కంటే ముందే ఇంటికి నడిచాను.