చెమ్మ గీతలు

మంచు కరిగి ఘాట్ రోడ్డు తెరవగానే మా కొండ మీది ఊరికి రెండు రకాల మనుషులు వస్తారు. రోడ్డు బాగుచేసే కూలీలు ముందు, ఇళ్లు కొనేవాళ్లు వెనక. కూలీలు పని చేసి పోతారు.

ఆ నెలన్నర రోజులూ ఇళ్లకు చెప్పిందే ధర. ఈ ఏడు మా వీధిలో పదకొండు ఇళ్లకు అమ్మకం బోర్డులు పడ్డాయి. పదకొండోది నేనుండే ఇల్లు. ఇరవై రెండేళ్లుగా అద్దెకుంటున్నాను. ఇంటాయన పోయాడు, కూతురు అమ్మేస్తానంది. బోర్డు తెచ్చి మేకు కొట్టినవాడు నా సొంత బామ్మర్ది. ఇళ్ల బ్రోకరు.

"నేను కాకపోతే ఇంకోడు కొడతాడు బావా. కమిషన్ బయటివాడికెందుకు?"

"మీ అక్క బతికుంటే ఆ మేకు నీ నెత్తిన దిగేదిరా."

"అక్క ఉంటే ఈపాటికి ఇంకో ఇల్లు చూసుండేది. నువ్వు కదలవు కదా."

కదలడానికి చోటేది? అద్దె ఇంటి కోసం నెల తిరిగాను. వేసవికి వచ్చేవాళ్లకే ఇస్తాం, అదీ రోజు లెక్కన అన్నారు అందరూ. నేను తాపీమేస్త్రీని. ఈ ఊళ్లో ఏ గోడలో ఎంత ఇసుక ఉందో చెప్పగలను. తలదాచుకోడానికి ఒక్క గోడా దొరకలేదు. ఈ నెలన్నరలో అమ్ముడుపోకపోతే మాత్రం మళ్లీ మంచు కరిగేదాకా ఇల్లు అడిగేవాడుండడు.

నాకున్న ఆశల్లా వెనక గది గోడ మీదే. కొండ వైపు గోడ అది. మంచు కరిగే రోజుల్లో నీరు ఊరుతుంది. చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కిందో నా భార్య ఏటా పెన్సిలుతో గీత గీసి, పక్కన సంవత్సరం వేసేది. ఎందుకే అంటే, "మీ మేస్త్రీతనానికి మార్కులు" అనేది. పద్దెనిమిది గీతలు. ఆమె పోయిన ఈ నాలుగేళ్లవీ లేవు.

ఆదివారం బామ్మర్ది ఒక జంటను తీసుకొచ్చాడు. ముందే వచ్చి ఆ గోడకు బీరువా అడ్డం పెట్టాడు. వాళ్లు గదిలోకి రాగానే నేను దాన్ని పక్కకు లాగాను.

"చూడండి. ఏటా ఇంతే. బయటి వైపు మూడుసార్లు నేనే ప్లాస్టరింగ్ చేశాను. ఆగదు."

బామ్మర్ది ముఖాన నెత్తురు చుక్క లేదు. భర్త కళ్లద్దాలు పెట్టుకుని గీతలన్నీ చదివి, ఒక్కోదానికీ ఫొటో తీసుకున్నాడు. భార్య గోడ తాకి, చెయ్యి రుమాలుకు తుడుచుకుంది. ఇక కొనరనుకున్నాను.

"ఈ చెమ్మ ఎన్నాళ్లుంటుందండీ?" అని ఆమె అడిగింది.

"నలభై రోజులు. వేసవికి ఆరిపోతుంది."

ఉన్నమాటే చెప్పాను. ఆమె నవ్వింది.

"మేం వచ్చేదే వేసవికి కదా!"

నాలుగు రోజులకు బామ్మర్ది ఒక్కడే వచ్చాడు. కోపంగా లేడు. తిట్టినా బాగుండేది.

"ఆ ఫొటోలు చూపించి ధరలో ఆరోవంతు తగ్గించుకున్నారు బావా. మిగతా పదిళ్లూ అలాగే ఉన్నాయి, ముందు మనదే పోయింది. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి."

నేను వెనక గదిలోకి నడిస్తే వాడూ వెంట వచ్చాడు.

"ఇంకోటి. ఆ గోడ చెక్కించి కొత్త ప్లాస్టరింగ్ చేయించమన్నారు. గోడ సంగతి తెలిసినాయనైతే మేలన్నారు. అంటే నువ్వే."

"మీ అక్క చేతిరాతరా అది."

వాడు గోడ వైపు చూడలేదు. చెప్పుల వైపు చూసుకున్నాడు.

"వేరేవాణ్ణి పెట్టమంటావా?"

వేరేవాడైతే పెద్ద సుత్తితో ఒక పూటలో రాలగొట్టి, ఆ పెళ్లలు తొక్కుకుంటూ తిరుగుతాడు.

"వద్దు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఉలి, సుత్తి తెచ్చుకుని గోడ ముందు కూర్చున్నాను. అది ఇంకా తడిగానే ఉంది. సుత్తి అవసరం పడలేదు. వేలితో నొక్కితే ఊడి వస్తోంది.