సాక్షి దిబ్బ

వరసగా రెండేళ్లు మిరప దెబ్బతీశాక శివపార్వతి ఉపాధి పనికి పోయింది. సేద్యంలో పుట్టి పెరిగిన మనిషి. వినుకొండ అవతల ఎండిన చెరువులో పూడిక తీయడానికి పలుగు పట్టడం అదే మొదలు. గుంపులో ఆమెతో కలిపి పదిమంది ఆడవాళ్లు. వాళ్లలోనే ఒకతె అమీర్‌బీ, గుంపును నడిపించే మేట్.

మొదటి ఐదు రోజులూ శివపార్వతి అందరికంటే వెనకే పడింది. ఆరో రోజు పని అయ్యాక మిగతావాళ్లు మంచినీళ్లకు గట్టెక్కినా ఆమె గుంటలోనే ఉండిపోయింది. మధ్యలో నడుమెత్తు మట్టిదిబ్బ ఒకటి తవ్వకుండా వదిలేశారు. చేలో గడ్డ మిగిలితే సేద్యగాళ్లకు నామర్దా. వెనకబడ్డ పనికి ఇదైనా జమ పడుతుందని, కోటయ్యస్వామిని తలుచుకుని దాన్ని కొట్టి చదును చేసేసింది.

సాయంత్రం కొలతలు రాసే కోటేష్ టేపు పట్టుకుని వచ్చాడు.

"సాక్షి దిబ్బేదమ్మా? ఈ పక్క నిరుటి గుంట, ఆ పక్క వాలు. నేల మొదట ఎంతెత్తున ఉందో దాన్ని చూస్తేనేగా తెలిసేది!"

అమీర్‌బీ గుంటలోకి దిగి చూసింది. "పొద్దున ఉందండీ. అల్లా మీద ఒట్టు."

"మేట్‌వి నువ్వు. ముందు నిన్ను మార్చమంటారు పైవాళ్లు."

శివపార్వతి ముందుకొచ్చింది. "నేనే తీసేశానండీ. చదునుగా ఉంటుందని..."

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! చెరువులో మిరపనారు పోస్తావా ఏందే?" అంది గుంపులోని కరీమున్. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

నిజం చెబితే బరువు దిగుతుందనుకుంది శివపార్వతి. దిగలేదు.

"ఎవరు తీశారని కాదమ్మా, లోతు ఏం చూసి రాయను? నిరుటి గుంట అంచు నుంచి కనపడేది మోకాలెత్తు. అంతే రాస్తా. కూలి కూడా అంతకే. ఒప్పుకుంటే వేలిముద్రలెయ్యండి, లేదంటే పక్కన మళ్లీ తవ్వండి," అన్నాడు కోటేష్.

మళ్లీ తవ్వే ఓపిక ఎవరికుంది? నడుమెత్తు తవ్వినవాళ్లు మోకాలెత్తుకు వేలిముద్రలు వేశారు. అమీర్‌బీ కాక సంతకం వచ్చింది శివపార్వతి ఒక్కదానికే. పెట్టింది.

పలుగు తెచ్చి అమీర్‌బీ ముందు పెట్టింది. "నేనిక రానక్కా. మీ ఉసురు నాకొద్దు."

"రాకపోతే? పదిమందికి తగ్గితే గుంపుకి పనియ్యరు. పొలం పనులకింకా రెండు నెలలుంది. మా తొమ్మిదిమందినీ ఇంట్లో కూర్చోబెడతావా?" అమీర్‌బీ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "సోమవారం ఎండెక్కకముందే రా."

తప్పు చేసినవాళ్లకు దేవుడు తప్పుకునే దారైనా చూపిస్తాడనుకునేది శివపార్వతి. వంగి పలుగు తీసుకుంది.