మంచుచేతులక్క రెండో ట్రే

ఫోను మోగేసరికి నా చేతులు మోచేతుల దాకా సబ్బునురగలో ఉన్నాయి. మా ఆయన చొక్కా కాలరు రుద్దుతున్నాను. పెళ్ళయి యాభై మూడు రోజులే. ఇంకా కాలరు రుద్దడం కూడా సరదాగానే ఉంటోంది. ఫోనుని భుజంతో చెవికి నొక్కిపెట్టి "హలో" అన్నాను.

"చాక్లెట్ మ్యూజియం నుంచి మాట్లాడుతున్నానండీ. మీ అత్తగారి గురించి ఉత్తరం రాసింది మీరేనా?"

"నేనే! నేనేనండీ!"

"రేపు పొద్దున ఆవిడని తీసుకురాగలరా? ఒక ట్రే చేసి చూపిస్తే చాలు. బాగా వస్తే ఆదివారం నుంచి సందర్శకుల ముందు ఆవిడే చేస్తారు."

చెవిలో నురగ, చేతిలో చొక్కా, నేల మీద నీళ్ళ ధారతో హాల్లోకి పరిగెత్తాను. అత్తయ్య దుప్పటి మడతపెడుతోంది.

"ఏంటమ్మా, కుళాయి విరిగిందా?"

"అత్తయ్యా, మ్యూజియం వాళ్ళు రమ్మన్నారు! మిమ్మల్నే! చాక్లెట్లు ముంచి చూపించడానికి!"

దుప్పటి ఆమె చేతుల్లోంచి జారిపోయింది. సంతోషం వల్ల అనుకున్నాను. కాదు.

మా అత్తయ్య ఇరవై ఆరేళ్ళు చాక్లెట్ ఫ్యాక్టరీలో ముంచే గదిలో పనిచేసింది. అక్కడ యంత్రం ఉండేది కాదు. కరిగిన చాక్లెట్‌లో చేయి పెట్టి, గింజనో మిఠాయి ముక్కనో అందులో దొర్లించి, కాగితం మీద పెట్టడం ఆ గదిలో పని. అరచేయి వెచ్చగా ఉన్నవాళ్ళు వారం తిరక్కుండా ప్యాకింగ్‌కి మారిపోయేవారట. అత్తయ్య చేతులు ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి కాబట్టి గదిలో అందరూ ఆమెని మంచుచేతులక్క అనేవారు. ఫ్యాక్టరీ మూతపడి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఆ కట్టడాన్నే చాక్లెట్ తయారీ చరిత్ర చెప్పే మ్యూజియం చేశారు. పేపర్లో అది చూసి, ఎవరికీ చెప్పకుండా ఉత్తరం రాసేశాను.

"ఎవర్నడిగి రాశావు తల్లీ?" అంది అత్తయ్య, కోపం లేకుండానే. "ఈ మధ్య నా చేతులు వేడెక్కుతున్నాయి. వయసు. నాకొక పని బాగా వచ్చని జన్మంతా చెప్పుకున్నాను. రేపు అక్కడ చెడగొట్టానంటే, ఇక ఆ మాట కూడా నోట రాదు."

నేను ఆమెకో బహుమతి పంపిస్తున్నాననుకున్నాను. ఆమె దాచుకున్న ఒకే ఒక్క వస్తువుని తీసుకెళ్ళి పందెంలో పెట్టానని అప్పుడు తెలిసింది.

అన్నాలప్పుడు అత్తయ్య ఉన్నట్టుండి మా ఆయన నుదుటి మీద చేయి వేసింది.

"నాకు జ్వరం లేదమ్మా."

"నీకు కాదురా, నాకు చూసుకుంటున్నా. చల్లగా ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది. తీయకు. లిఫ్టు షాఫ్టులో దిగి దిగి తల మాడిపోతోంది," అన్నాడు. మా ఆయన లిఫ్టు మెకానిక్. రోజంతా జనాన్ని పైకి పంపి, తను చీకట్లోకి దిగే మనిషి. అత్తయ్య నవ్వింది కానీ ముద్ద మింగలేదు.

మర్నాడు శనివారం. నలుగురం బయల్దేరాం. మామయ్య ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు డ్రైవరు. మ్యూజియం గేటు రాగానే ఆయన కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. గేటు పక్క గోడకి పాత బోర్డు అలాగే ఉంచారు: "లోపల పనిచేసేవారికి తప్ప ప్రవేశం లేదు."

"అది ఇప్పుడు చూడ్డానికి పెట్టిన బోర్డు నాన్నా, రండి," అన్నాడు మా ఆయన.

"తెలుసులేరా. ఇరవై ఆరేళ్ళు ఇక్కడే ఆపాను బస్సు. నేనెదురుగా కూర్చుంటే మీ అమ్మ చేయి వణుకుతుంది. మీరెళ్ళండి," అని మామయ్య బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. భార్య ఇరవై ఆరేళ్ళు చేసిన పనిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదని నాకప్పుడు తట్టింది.

లోపల నేను చిన్నపిల్లనైపోయాను. మొదటి గదిలో గాజు కింద కోకో కాయలు, ఎండిపోయిన చిన్న గుమ్మడికాయల్లా. పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని గింజలు నూరే వంపు రాయి. తర్వాతి గదిలో రాతి చక్రాలున్న ఇనప తొట్టి. బటన్ నొక్కితే చక్రాలు తిరుగుతాయి. నేను నాలుగుసార్లు నొక్కాను.

"ఇంత నీరసంగా తిరిగేది కాదు ఇది. పక్కన నిలబడితే పళ్ళు కదిలేవి," అంది అత్తయ్య. రేకు అచ్చులు చూసి "ఇదిగో, ఈ కుందేలుకి ఎప్పుడూ ఎడమ చెవి విరిగేది" అంది. మా వెనక నడుస్తున్న ఇద్దరు సందర్శకులు గోడ మీద రాతలు చదవడం మానేసి మా అత్తయ్య మాటలు వినసాగారు. నాకు ఛాతీ రెండంగుళాలు పొంగింది.

మూడో గదిలో ఒక పెద్ద పలక ముందు నేను కొయ్యబారిపోయాను. దాని మీద తెల్లగా గీసిన గుర్తులు ఏడు. ఒక అడ్డగీత, ఒక మెలిక, రెండు సున్నాలు, అలాంటివి. కింద రాసి ఉంది: "ముంచేవారు ప్రతి చాక్లెట్ పైన వేలితో వేసిన గుర్తులు. లోపల ఏముందో గుర్తును బట్టి తెలిసేది."

"ఏవండీ! మన వంటింటి డబ్బాలు!" అని అరిచాను. ఇంట్లో ఆయన్ని నువ్వే అంటాను. అత్తయ్య ముందు మాత్రం పెద్దమనిషిని చేస్తుంటాను.

మా వంటింట్లో ఏ డబ్బా మీదా పేరుండదు. గోళ్ళ రంగుతో వేసిన ఇవే గీతలుంటాయి. కాపురానికొచ్చిన మూడో రోజున మెలిక డబ్బాలోది చక్కెర అనుకుని కాఫీలో రెండు చెంచాలు వేశాను. అది ఉప్పు. కొత్త పెళ్ళికొడుకు కిక్కురుమనకుండా కప్పు ఖాళీ చేసి, తర్వాత చెంబెడు నీళ్ళు తాగాడు.

"మెలిక అంటే వేరుశనగ తల్లీ. అందులో చిటికెడు ఉప్పు పడేది. అందుకని ఉప్పు డబ్బాకి అదే పెట్టాను," అంది అత్తయ్య.

"ఈ మాట నా కడుపుకి ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అన్నాడు మా ఆయన.

ఏడో గుర్తు కింద మాత్రం ప్రశ్నార్థకం ఉంది. సున్నా, దానికి పైకి లేచిన తోక. మామయ్య మందుల డబ్బా మీద ఉన్నది అదే. అడగబోయేలోపు మ్యూజియం అధికారిణి ఎదురొచ్చి మమ్మల్ని ముంచే గదికి తీసుకెళ్ళింది. నిన్న ఫోన్ చేసిందీ ఆవిడే. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, మెడలో కార్డు, చేతిలో వేడి కొలిచే మీటరు.

"చాక్లెట్ సిద్ధంగా ఉందండీ. నేనే సరిచూశాను," అంది గర్వంగా.

అత్తయ్య గాజులు తీసి నా చేతికిచ్చింది. చేతులు కడిగి, తుడిచి, పాలరాతి బల్ల ముందు నిలబడింది. చిటికెన వేలి కొసతో చాక్లెట్ తీసి కింది పెదవికి తాకించుకుంది. ఆమె కనుబొమ్మలు ఒక్క క్షణం దగ్గరకొచ్చాయి. ఏమీ అనలేదు. కుడిచేయి గిన్నెలో పెట్టింది.

ఎడమ చేయి గింజ వేస్తుంది, కుడి చేయి దొర్లిస్తుంది, కాగితం మీద పెడుతుంది, వేలి నుంచి సాగిన తీగతో పైన మెలిక పడుతుంది. పదకొండేళ్ళు ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఇరవై నాలుగు చాక్లెట్లు వరసగా కూర్చున్నాయి. మా ఆయన నా భుజం నొక్కాడు.

గట్టిపడటానికి పదిహేను నిమిషాలు ఆగాం. ట్రే తీసి చూస్తే, మెరుపు లేదు. ప్రతిదాని మీదా బూడిద పూసినట్టు తెల్ల చారలు. వేలితో తాకితే అంటుకుంటోంది.

అధికారిణి "పర్వాలేదండీ, చాలా ఏళ్ళయింది కదా" అంది మెత్తగా. ఆ మెత్తదనమే నన్ను ఎక్కువ కోసింది.

అత్తయ్య తన అరచేతులు తిప్పి చూసుకుంది. "చెప్పానుగా తల్లీ. అయిపోయాయి ఇవి. గాజులిలా ఇవ్వు."

ఇవ్వలేదు. చేయి వెనక్కి పెట్టుకున్నాను. "అత్తయ్యా, ఇందాక పెదవికి తాకించుకున్నారే, అప్పుడు మొహం ఎందుకలా పెట్టారు?"

"ఏం లేదులే."

"ఏం లేకపోతే కనుబొమ్మలు ముడిపడవు."

"వెచ్చగా తగిలింది," అంది, గోడకి చెబుతున్నట్టు. "చల్లగా తగలాలి."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"కరిగించేవాళ్ళు కరిగించాలి, ముంచేవాళ్ళు ముంచాలి. గిన్నె మన ముందుకొచ్చాక నోరెత్తకూడదు. అది ఆ గది పద్ధతి. పైగా ఆ అమ్మాయి చదువుకున్న పిల్ల, మీటరు పెట్టి చూసింది. నా పెదవి ఎంతని?"

అధికారిణి ముఖం ఎర్రబడింది. గబగబా లోపలికెళ్ళి ఇంకో మీటరు తెచ్చి గిన్నెలో పెట్టింది. ఒకసారి చూసి, తుడిచి మళ్ళీ పెట్టింది. తర్వాత పాత మీటరుని జేబులో వేసుకుంది.

"మూడు డిగ్రీలు ఎక్కువుందండీ," అంది. "తప్పు నాది. మీ పెదవి మొదటి నిమిషంలోనే కనిపెట్టేసింది. ఇంకొక్క ట్రే చేస్తారా? ఈసారి కరిగించడం కూడా మీదే."

అత్తయ్య నా వైపు చూసింది. నేను గాజుల్ని నా ముంజేతికి ఎక్కించేసుకున్నాను. ఇక తిరిగిచ్చేది లేదన్నట్టు.

ఆమె గిన్నెలో సగం చాక్లెట్ పాలరాయి మీద పోసింది. అరచేత్తో పరిచి, దగ్గరికి లాగి, మళ్ళీ పరిచి, మళ్ళీ లాగి. పిల్లాడి తల నిమిరినట్టుంది ఆ తీరు. చిక్కబడ్డాక దాన్ని మిగతా దాంట్లో కలిపి పెదవికి తాకించుకుంది. తల అడ్డంగా ఊపింది. ఇంకాసేపు కలిపింది. మళ్ళీ పెదవి. ఈసారి కళ్ళు మూసుకుంది.

"వచ్చింది," అంది. ఎవరో చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు.

రెండో ట్రే చేస్తున్నంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉంది. "ఇది నారింజ, అడ్డగీత. ఇది కాఫీ, రెండు సున్నాలు." మాట ఆగలేదు, చేయీ ఆగలేదు. అధికారిణి గబగబా రాసుకుంటోంది. చివరి చాక్లెట్ మీద సున్నా వేసి, తోక పైకి లాగింది.

"అదేనండీ! ఏడోది! అదెవరికీ తెలియట్లేదు. లోపల ఏముంటుంది?"

"ఏదైనా ఉండచ్చు. అది షిఫ్టులో ఆఖరి చాక్లెట్. బయట బస్సు హారన్ వినపడగానే, చేతిలో ఉన్నదాని మీద ఆ గుర్తు వేసి చేయి కడిగేసేవాళ్ళం. అది హారన్ గుర్తు."

మా ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళు నలుపుకున్నాడు. చాక్లెట్ పొడి పడిందట.

పదిహేను నిమిషాల తర్వాత ట్రే బయటికొచ్చింది. ఇరవై నాలుగూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. వంగి చూస్తే పై దీపం ప్రతిదాంట్లోనూ కనిపించింది. అధికారిణి ఒకటి విరిచింది. టప్ మని శబ్దం. ఆ చప్పుడు కోసమే ఫ్యాక్టరీలో అందరూ బతికేవారట.

"ఆదివారం పదకొండింటికండీ," అంది అధికారిణి. "బల్ల మీద మీ పేరు పెట్టాలి. ఏమని రాయమంటారు?"

"గదిలో అందరూ పిలిచినట్టే రాయమ్మా. మంచుచేతులక్క."

ఆ చేతుల్ని గబుక్కున పట్టుకుని నా బుగ్గలకి ఆనించుకున్నాను. ఒళ్ళు ఝల్లుమంది. నా ముఖమంతా చాక్లెట్ అయిందని తర్వాత మా ఆయన చెప్పాడు. చెప్పడం ఆలస్యం చేసింది కూడా కావాలనే.

బయట మామయ్య బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచారు కానీ ఏమైందని అడగలేదు. నా ముఖం చూశాక అడగాల్సిన పని ఉండి ఉండదు. అత్తయ్య కాగితంలో చుట్టిన ఆఖరి చాక్లెట్ ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది నా మందుల డబ్బా బొమ్మ కదే," అన్నారు ఆయన.

"మీ హారన్ బొమ్మ. ఇన్నేళ్ళూ మీరు కొట్టేవారు, నేను వేసేదాన్ని."

మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తినలేదు. ఎండ తగలకుండా రెండో చేయి అడ్డం పెట్టారు.

"కరిగిపోతుంది, తినండి. రేపు బోలెడు చేస్తాను," అంది అత్తయ్య. తర్వాత గేటు పక్క బోర్డు వైపు ఒక చూపు చూసి, ముగ్గురికీ వినపడేలా చెప్పింది: "రేపు పదకొండింటికి నా పని మొదలు. పదిన్నరకల్లా మీరు ముందు వరసలో కూర్చోవాలి. ఆ బోర్డు పక్కనుంచే లోపలికి రావాలి, ఆగడాల్లేవు. ఒరేయ్, నువ్వు లిఫ్టులకి సెలవు పెట్టు. ఇక నువ్వు తల్లీ, నా ఎడమ పక్కన నిలబడి గింజలందిస్తావు. ఇంటికెళ్ళగానే గోళ్ళు కత్తిరించుకో."