తుడిచిన రేవు

ఋషికుల్య నది పొంగి మా పాత పేటను సముద్రంలోకి తోసేసిన వరద తరవాత ఎనిమిదో ఏడు అది. ఆ వరద తీసినప్పుడు నది మూతి కాస్త ఉత్తరానికి జరిగింది. అక్కడ కొత్త ఇసక పడింది. దాని పక్కనే మళ్లీ గుడిసెలు వేసుకున్నాం. నావలు ఎక్కించడానికి అంత మెత్తని వాలు ఈ ఒడిశా తీరంలో గంజాం నుంచి గోపాలపూర్ దాకా ఇంకోటి లేదు. వేరేచోట అల పక్కనుంచి కొట్టి నావను తిరగేస్తుంది. మాకు భూమి లేదు. ఆ వాలే ఉంది.

ఆ ఏడు ఒక కంపెనీ నది మూతి దగ్గర సముద్రంలోకి రాతిగోడ కట్టి, దాని చాటున సరుకు ఓడలు నిలపాలనుకుంది. ఎక్కడో అలాంటి గోడ కట్టాక దాని పక్క ఊరి ఇసకంతా సముద్రం తినేసిందని మా చుట్టాలు చెప్పారు. గోడ వస్తే మా రేవు ఉండదు. అది పేటలో అందరికీ తెలుసు.

వైకుంఠరావుది బరంపురం. లంజిపల్లిలో ఇల్లు, కాలేజీలో ఉద్యోగం. పెద్ద చదువు చదివినా మాట మా మాటే. ఆయన స్కూటరు ఇసకలో కూరుకుపోతే అక్కడే వదిలేసి నడిచివచ్చాడు. పర్యావరణం చూసే శాఖ నుంచి ఢిల్లీ వాళ్లు వస్తున్నారని, రేవు చూసి రాసుకుపోతారని, వాళ్లు ఒప్పుకోకపోతే గోడ లేదని చెప్పాడు. మా మాట వాళ్లకు ఇంగ్లీషులో తిప్పి చెప్పే పని ఆయనకు పెట్టారు.

"ఎలాగ తేలుత్తారు బాబూ?" అని అడిగాను.

"తూకం మావా. ఓ పక్కన గోడ, దాని వల్ల వొచ్చే ఉద్యోగాలు, సరుకు. రెండో పక్కన నీరు, సెట్టు, జంతువు. ఏది బరువైతే అటు."

"మరి మావెటేపు?"

వైకుంఠరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు చేపల శాఖ. అది వేరే బిల్డింగు."

కాశయ్యది మా పక్క గుడిసె, నాతో ఒకే నావ. వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ నీరూ సెట్టూ జంతువుల్లో మావేటో ఓపాలి అడిగి సూడండి. జంతువంటే ఒప్పీసుకుంటాం."

అందరూ నవ్వారు. వైకుంఠరావు నవ్వలేదు. "నావల మాట ఎత్తకండి. తాబేలు మాట సెప్పండి. ఈ ఒడ్డుకి తాబేళ్లొస్తాయని ఆళ్ల కంట పడితే సాలు, గోడ ఆగిపోతాది" అన్నాడు.

తాబేళ్లు మాకు కొత్త కాదు. శివరాత్రి దాటాక గుంపులుగా ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. మా ఇంటి దేవుడు శ్రీకూర్మంలో తాబేలు రూపంలో ఉన్నాడు. తాబేలు నడిచిన జాడ మీద కాలు పెట్టకూడదు. అందుకని తెల్లారగానే ఆడవాళ్లు చీపుళ్లతో ఆ జాడ తుడిచేస్తారు. ట్రాలర్లనే పెద్ద మరపడవల వలల్లో చచ్చి కొట్టుకొచ్చినదాన్ని కాకులకు వదలరు. పసుపునీళ్లు చల్లి, గుడ్డ కప్పి, ఇసకలో పాతిపెడతారు. మా ఇళ్లలో పోయినవాళ్లకు చేసినట్టే. ఆ పని మా అప్ప జగ్గమ్మ చూస్తుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ అక్కే. పేటలో ఆమె మాటకు ఎదురు లేదు.

ఢిల్లీ వాళ్లు పుష్యమాసంలో వచ్చారు. గుడ్లు పెట్టే కాలం ఇంకా రాలేదు. ఫైలు అప్పటిదాకా ఆగదట. అయినా చచ్చినవి కొట్టుకొస్తూనే ఉన్నాయి. పాత గుడ్ల పెంకులు ఇసకలో కనబడుతూనే ఉన్నాయి. అవి చాలునని వైకుంఠరావు ధైర్యంగా ఉన్నాడు.

వాళ్లు వచ్చే పూట వేట నుంచి వచ్చేసరికి నేను ఒడ్డును గుర్తుపట్టలేదు. పెళ్లివారింటి వాకిలిలా ఉంది. అప్ప ఆడవాళ్లందరినీ లేపి నది మూతి దాకా తుడిపించింది. పెంకులు ఏరించి సముద్రంలో కలిపించింది. కొత్తగా కొట్టుకొచ్చిన శవాలను పాతించింది. నావల ముందు ముగ్గు కూడా వేయించింది. తుడవొద్దని ఆమెకు చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

"సూడు తమ్ముడా, ఎలాగుందో! అంత దూరం నుంచొచ్చినోళ్లు మన ఒడ్డు సూసి ముక్కు మూసుకుంటే మనకేటి పరువు?" అంది.

అప్పటికే జీపులు వచ్చేశాయి.

టోపీ పెట్టుకున్న ఒక మేడం, కెమెరా మనిషి, కంపెనీ తరఫు మనిషి దిగారు. వైకుంఠరావు వాళ్ల వెనకే దిగాడు. ఒడ్డు చూడగానే ఆయన ముఖం మారిపోయింది. మేడం చెప్పులు చేత్తో పట్టుకుని నది మూతి దాకా నడిచింది. తిరిగి వచ్చింది. కెమెరా మనిషి ముగ్గును ఫోటో తీశాడు. కంపెనీ మనిషి నోటి అలవాటుగా ఒరియాలో "ఎఠి కిచ్చి నాహి ఆజ్ఞా" అన్నాడు. ఇక్కడేమీ లేదమ్మా అని. చూసినంతవరకు ఆయన అన్నది నిజమే.

మేడం ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"తాబేళ్లొస్తాయన్నారు గదా, గుర్తులేవైనా ఉన్నాయా అని అడుగుతన్నారు" అన్నాడు వైకుంఠరావు.

అప్ప ముందుకొచ్చింది. "గురుతులెందుకుంటాయి బాబూ? తెల్లారకముందే లేచి నానే తుడిపించాను. ఒక్కటి మిగిలితే సూపించమను."

వైకుంఠరావు తల పట్టుకున్నాడు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. మేడం నవ్వలేదు, విసుక్కోనూ లేదు. కంటితో చూసిందే రాయగలనని, విన్నది రాస్తే పైవాళ్లు తూకంలో వెయ్యరని చెప్పింది. పాతిపెట్టినవి ఉంటే తీసి చూపించమంది.

"తియ్యడవేటి?" అంది అప్ప. "ఆవిడ అమ్మనైతే తవ్వనిత్తాదేటి? అడుగు బాబూ, అడుగు."

ఆ మాట వైకుంఠరావు తిప్పి చెప్పలేదు.

కాశయ్య నా వైపు చూశాడు. తరవాత అందరూ నా వైపే చూశారు. అప్పకు అడ్డం వెళ్లాలంటే నేనే వెళ్లాలి. వాళ్ల వెనక వాలు మీద నావలు వరసగా ఉన్నాయి. తడి ఇంకా ఆరలేదు.

నేను పార తీసుకున్నాను.

"ఒరే పైడన్నా, ఆ పార ఆడెట్టు."

పెట్టలేదు.

"పార ఎడితే నాకు తమ్ముడివి. నేదంటే నేదు."

సరుగుడు చెట్లకు ఇవతల తవ్వాను. మోకాలి లోతులో పసుపు గుడ్డ తగిలింది. గుడ్డ కింద తాబేలు డిప్ప. పక్కన తవ్వితే ఇంకోటి. దాని కిందా ఉంది. మేడం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ప్రతిదాని పక్కనా మోకాళ్ల మీద కూర్చుని కొలత తీసింది. గుడ్డలెందుకని అడిగింది. మనుషులకు కప్పినట్టే కప్పుతారని వైకుంఠరావు చెప్పాడు.

"చంపి దాచిపెట్టారు మేడం. వీళ్ల వలలే" అన్నాడు కంపెనీ మనిషి. ఈసారి హిందీలో అన్నాడు, అందరికీ తెలిసేలాగ.

వలలు ట్రాలర్లవని వైకుంఠరావు గట్టిగా చెప్పాడు. మేడం రెండు మాటలూ రాసుకుంది. చాలు, కప్పేయమంది.

కప్పేసి తల ఎత్తేసరికి అప్ప అక్కడ లేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. కంచంలో కూడు పెట్టేది. పెట్టి అటు తిరిగి కూర్చునేది. నేను తినేవాణ్ణి.

మళ్లీ కార్తీకం వచ్చేసరికి ఢిల్లీ నుంచి తీర్పు వచ్చింది. వైకుంఠరావు మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు. గోడకు అనుమతి లేదన్నాడు. తూకంలో తాబేళ్లే బరువయ్యాయన్నాడు. పేటంతా కేకలు వేసింది. ఆయన పొట్లం మాత్రం విప్పలేదు.

"ఇంకో మాటుంది మావా" అన్నాడు. "తాబేళ్ల కాలంలో, ఇప్పటి నుంచి వైశాఖం దాకా, ఈ ఒడ్డున నావ దించకూడదు, ఎక్కించకూడదు. ఇసక మీద నావ లాగిన జాడ కనబడితే ఆ నావ పట్టుకుపోతారు. రేపటి నుంచి ఫారెస్టు గార్డు పొద్దెక్కాక వొచ్చి సూసి ఎల్తాడు."

"మరి అందాకా ఏటి తినాలంట?" అన్నాడు కాశయ్య.

"అది ఆళ్ల కాయితంలో లేదు."

"వేరే బిల్డింగా?"

వైకుంఠరావు తల ఊపాడు. పొట్లం అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్ప గుమ్మంలో కూర్చుని అంతా వింది. పొట్లానికి చీమలు పడితే తీసి చూరుకు వేలాడదీసింది.

మర్నాడు తెలవారుతూండగా నేను వల భుజాన వేసుకుని ఒడ్డుకు వెళ్లాను. కాశయ్య ఉన్నాడు. నావకు చెరోపక్కా భుజం ఆనించి తోశాం. తడి ఇసకలో లోతుగా గాడి పడింది. నావ మూతి నీళ్లకు తగిలేసరికి వెనకనుంచి చీపురు చప్పుడు వినబడింది.

అప్ప కొంగు నడుముకు చుట్టుకుంది. గాడి మొదట్లోంచి తుడుచుకుంటూ మా వైపే దిగివస్తోంది. మా అడుగులూ తుడిచేస్తోంది.

"ఎనక్కి సూత్తావేటి? ఎల్లు" అంది. "గార్డు ఎల్లిపోయాక కొంగు ఊపుతాను. అప్పుడు రా. అందాకా నీళ్ల మీదే ఉండు."

"అలాగే అప్పా" అన్నాను.

అల వెనక్కి తీసేదాకా ఆగి, నావను నీళ్లలోకి తోశాను.