కుంటికొంగ అడుగు

పాన్ గురువుగారు పోయాక తెల్లకొంగ యుద్ధవిద్య నేర్పే తాలింఖానా తాళం ఎవరికి దక్కాలన్న విషయంలో ఆయన కూతురు లాన్‌యీకి ఏ కోశానా అనుమానం లేదు. అది తనదే. నడక వచ్చిన నాటి నుంచీ నాన్న వెనకాల చేతులు రెక్కల్లా ఆడిస్తూ పెరిగిన మనిషి. నలభై దాటినా ఆ చేతులు ఒక్కసారి విప్పిందంటే యోంగ్‌చున్ ఊళ్ళో ఎంతటివాడైనా రెండడుగులు వెనక్కి వేయాల్సిందే. అనుమానమల్లా పెద్ద శిష్యుడు సూ కైషాన్‌ది.

గురువుగారి సంవత్సరీకం నాడు శిష్యులందరూ తాలింఖానా వాకిట్లో చేరారు. గురువుగారికి తమ్ముడి వరసైన ముసలి యెన్ తాళం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికివ్వాలో తేల్చాల్సింది ఆయనే.

"నీకు చేతకాదని అనడం లేదు చెల్లెమ్మా," అన్నాడు సూ. "కానీ మేమందరం గురువుగారి ముందు మోకరిల్లి టీ ఇచ్చాం. ఆయన తాగాకే శిష్యులమయ్యాం. నువ్వివ్వలేదు. కూతురికి అన్నం పెడతారు గానీ, విద్యలో గుట్టు చెప్పరు."

"నాన్నకి రోజూ టీ కాచిచ్చింది నేనే కదన్నయ్యా. నిలబడి ఇచ్చాననా నీ బాధ?"

వాకిలంతా నవ్వింది. కానీ సూ అన్నది అబద్ధం కాదు. ఇంట్లో పిల్ల చేత మోకరిల్లించాలని ఎవరికీ తోచనే లేదు.

"నవ్వులాట కాదు. కుంటికొంగ అడుగు వచ్చా నీకు?"

నవ్వులు ఆగిపోయాయి. కుంటికొంగ అడుగు ఆ తాలింఖానాకి తలమానికం. మూడో మలుపు తిరగ్గానే ఎడమ కాలు నేల మీద కాస్త ఈడ్చి, భుజం ఒకవైపు వాల్చి, అప్పుడు లేవాలి. దెబ్బ తగిలినట్టు నటించి పామును దగ్గరికి రప్పించే కొంగ ఎత్తు అది అని శిష్యులు చెప్పుకుంటారు. చివరి రోజుల్లో గురువుగారు బయటపెట్టిన రహస్యమట. దాన్ని చూడటానికి పక్క జిల్లాల నుంచి కూడా వచ్చేవారు. సూ వేసినంత అందంగా ఇంకెవరూ వేయలేరు.

ఆ రహస్యం సంగతి లాన్‌యీకి బాగా తెలుసు. దానికి రోజూ మందుసారా పట్టించి మర్దనా చేసింది ఆమే. కమలా తోటలో గట్టు మీంచి జారిపడి నాన్న తుంటి దెబ్బతింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మర్నాడు పొద్దున్నే ఏమీ జరగనట్టు సాధనకు దిగాడు. మలుపులో కాలు ఈడ్చుకుపోయింది. వెనక నిలబడ్డ శిష్యులందరూ భక్తిగా ఈడ్చారు. నాన్న ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆ తర్వాత అనే అవకాశమే రాలేదు, అంతటి మొండిఘటానికి తుంటి నొప్పి అనే మాట నోట రాలేదు మరి.

"రాదు. నేర్చుకోను కూడా," అంది లాన్‌యీ. "ఆ అడుగు వేస్తూ నా మీదికి రా అన్నయ్యా."

"అదీ మాట," అన్నాడు యెన్. "చేతులు కలపండి. నోళ్ళతో తేలదిది."

ఇద్దరూ ముంజేతులు ఆనించి నిలబడ్డారు. సూ బలం మామూలుది కాదు. మొదటి తోపుకే ఆమె మడమలు నేలలోకి దిగాయి. ఆమె తొణకలేదు, అడుగు కోసం కాచుకుంది. సూ తిరిగాడు, కాలు ఈడ్చాడు, భుజం వాల్చాడు. ఆ క్షణంలో అతని బరువు మోసే కాలు ఏదీ లేదు. లాన్‌యీ లోపలికి దూరి అరచేత్తో ఒక్క తట్టు తట్టింది. పడిపోతున్న మనిషిని మళ్ళీ తనే చొక్కా పట్టుకుని ఆపింది.

"ఇంకోసారి," అన్నాడు సూ. ఇంకోసారీ అంతే జరిగింది.

అతని ముఖం నల్లబడింది. "అయితే గురువుగారు మాకు తప్పు నేర్పారా?"

"ఆయన నేర్పలేదన్నయ్యా. మీరే నేర్చుకున్నారు." తోట గట్టు సంగతీ, తుంటి సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ముసలి యెన్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "మా అన్న అంతే. ప్రాణం మీదికొచ్చినా నొప్పి అనేవాడు కాదు."

సూ మాత్రం నవ్వలేదు. "ఆయనుండగా చెప్పొద్దన్నారు, సరే. ఈ ఏడాదంతా ఎందుకూరుకున్నావు?"

దేనికైనా జవాబు నాలుక చివరే ఉండే లాన్‌యీ ఈసారి తడబడింది. "పొద్దున్నే కిటికీలోంచి చూస్తే మీరందరూ నాన్నలా నడుస్తుండేవాళ్ళు. అది మానిపించబుద్ధి కాలేదు."

సూ తల దించుకున్నాడు. లోపలికెళ్ళి టీ పోసి తెచ్చి, కప్పు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నాన్న పటం ముందు మోకరిల్లి కప్పు అక్కడ ఉంచింది.

"ఇప్పుడు శిష్యురాలివి," అన్నాడు సూ. "ఆఖర్న చేరావు గనక అందరిలోకీ చిన్నదానివి. నాకు నమస్కారం పెట్టాలి తెలుసా?"

"పెడతాలే. పొద్దున్నే వచ్చి కాలు సరిగ్గా ఎత్తడం నేర్చుకో."

యెన్ తాళం ఆమెకిచ్చేశాడు.

మర్నాడు ఆమె అందరి కాళ్ళూ సరిదిద్దింది. పొద్దెక్కేసరికి ఒక్క కాలు కూడా నేల మీద ఈడ్చుకుపోవడం లేదు. ఇక ఇళ్ళకి వెళ్ళబోతుంటే ఆపింది.

"ఒక్కసారి నాన్న అడుగు వేసి వెళ్ళండి."

వాకిట్లో అన్ని ఎడమ కాళ్ళూ కలిసి నేల మీద ఈడ్చుకుపోయాయి. లాన్‌యీ చివరి వరసలో నిలబడి, నేర్చుకోనన్న ఆ అడుగు మొదటిసారి తనూ వేసింది.

"భుజం ఇంకాస్త దించన్నయ్యా," అంది ముందున్న సూతో. "చలికాలం నాన్నకి నొప్పి ఎక్కువుండేది."