మందూ వేటా

విజయకుమార్ రైస్ కుక్కరు కొనడానికే నెల్లాళ్ళు తీసుకున్న మనిషి. అలాంటివాడు వేట రైఫిల్‌కి తూటాలు ఇంట్లోనే తయారు చేసుకునే సామాను కొనాలనుకుంటే ఇక చెప్పాలా? ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో వాళ్ళ కాపురం. ఆఫీసు నుంచి రావడం, లాప్‌టాప్ తెరవడం, రివ్యూలు చదవడం, ఇదే పని. కాల్చేసిన ఇత్తడి తొడుగుల్ని పారేయకుండా వాటిలో మళ్ళీ మందు నింపి, కొత్త గుండు బిగించి వాడుకోవచ్చు. అందుకు గుండుని నొక్కి బిగించే ఒక ప్రెస్సు కావాలి, మందు తూచే త్రాసు కావాలి, తొడుగుల కొలత సరిచేసే అచ్చులు కావాలి. ఏ కంపెనీవి కొనాలో తేలక వేసవంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

తుపాకీ క్లబ్బులో పెద్దాయన కెన్, రిటైరైన లాయరు, రెండు ముక్కల్లో తేల్చేశాడు. "ముందు మంచి పుస్తకం కొను. తర్వాత మందు దాచడానికి తాళం వేసే చెక్క పెట్టె కొను. ప్రెస్సుదేముంది, అది ఏదైనా ఒకటే."

పుస్తకం కొన్నాడు. పెట్టె దగ్గరికొచ్చేసరికి ఉత్సాహం చచ్చిపోయింది. నాలుగు చెక్కలు, ఒక తాళం. అందులో పోల్చి చూడ్డానికి ఏముంది? ఎప్పుడైనా కొనుక్కోవచ్చులే అనుకుని ప్రెస్సూ త్రాసూ ఆర్డరు పెట్టాడు. రైఫిల్ ఎలాగూ ఉక్కు బీరువాలో భద్రంగా ఉంది. మందు డబ్బా మాత్రం గరాజ్‌లో అలమర మీదికెక్కింది. గరాజ్‌కి తాళం ఉందిగా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ తాళంచెవి వంటింట్లో ఫ్రిజ్ పక్కన కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది.

అతని భయమల్లా అమ్మ గురించే. ప్రభావతమ్మ తణుకు నుంచి వచ్చి కొడుకు దగ్గరే ఉంటోంది. కొడుకు క్లబ్బుకెళ్ళి కాగితం మీద గురిచూసి కాలుస్తాడని ఆవిడకి తెలుసు. కెన్‌తో కలిసి పొలాల్లోకెళ్ళి జింకల్ని కొడతాడని తెలియదు. వచ్చిన కొత్తలో ఒకసారి వీళ్ళ కారు ముందు జింక రోడ్డు దాటింది. ఆవిడ కారు ఆపించి, అది చెట్లలో కలిసిపోయేదాకా చూసి, దాని కళ్ళ గురించి తణుకులో ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది. అలాంటి మనిషికి ఈ సంగతి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? తెలిస్తే అమ్మ తనని మళ్ళీ మునుపటిలా చూడదని అతనికి గట్టి నమ్మకం.

"అత్తయ్యకి చెప్పెయ్ విజయ్," అనేది భార్య వసుధ. హాస్పిటల్లో డాక్టరు, ఎప్పుడే డ్యూటీ పడుతుందో తెలియని మనిషి, అయినా కనపడినప్పుడల్లా ఇదే మాట. "ఒకే ఇంట్లో ఉంటూ ఎన్నాళ్ళు దాస్తావ్?"

విజయకుమార్ అబద్ధాలాడే రకం కాదు. అంతకంటే తెలివైనవాడు. జింక మాంసం తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టిన రోజు, "వేట తెచ్చానమ్మా," అన్నాడు. గోదావరి వైపు వేట అంటే మేకమాంసమేగా. ఆవిడ మసాలా నూరి, ఓపిగ్గా వండి, "ఈ దేశం మేకకి బొత్తిగా కొవ్వు లేదురా," అంది. వేటాడి తెచ్చినదాన్ని వేట అంటే తప్పేంటి అనుకుని అతను రెండోసారి వడ్డించుకున్నాడు.

ప్రెస్సు బల్లకి బిగిస్తున్న రోజున ఆవిడ గరాజ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏంట్రా ఇదంతా?"

"మందు తెచ్చానమ్మా. ఇంట్లోనే కూరుకుందామని."

రీలోడింగ్‌కి అతని దగ్గర అంతకంటే తెలుగు లేదు. ఉన్నా వాడేవాడు కాదు. ఆవిడ ముఖం చేటంత చేసుకుని లోపలికెళ్ళింది. అంత సంతోషం దేనికో అతను ఆలోచించనే లేదు. గండం గడిచిందని మాత్రం అనుకున్నాడు.

దీపావళి ముందు శనివారం, వసుధ డ్యూటీలో ఉంది. మధ్యాహ్నం విజయకుమార్ క్లబ్బు నుంచి వచ్చి తలుపు తీసేసరికి వెంట్రుకలు కాలిన వాసన గుప్పున కొట్టింది. బూట్లతోనే లోపలికి పరిగెత్తాడు.

ఇంటి వెనక అద్దాల గదిలో నేల మీద పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద కాగితపు గొట్టాలు ఆరుతున్నాయి. చెత్త ఏ రోజు తీసుకెళతారో చెప్పడానికి కౌన్సిల్ వాళ్ళు పంపిన క్యాలెండరుని చింపి, మైదా జిగురు రాసి, చక్కగా చుట్టిన గొట్టాలు. గదిని వేడిచేసే రేడియేటర్ మీద పెద్ద స్టీలు పళ్ళెం. అందులో వడియాల పిండిలా పలచగా పరిచిన నల్లటి పలుకులు. పక్కన కిటికీ గట్టు మీద ప్రమిద వెలుగుతోంది.

పళ్ళేన్నీ ప్రమిదనీ మార్చి మార్చి చూస్తూ ఎంతసేపు నిలబడిపోయాడో తెలియదు. తర్వాత ఊపిరి బిగబట్టి ప్రమిద ఆర్పాడు. పళ్ళెం ఎత్తుకుని, ఒలక్కుండా అడుగులో అడుగేస్తూ, వానలోకి నడిచి పచ్చిక మీద పెట్టాడు. తిరిగొచ్చి గోడకి చేరగిలబడ్డాడు.

"వానలో పెట్టావేంట్రా? పొద్దుట్నించీ ఆరబెడితే," అంది వెనక నుంచి అమ్మ.

వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడకి ఎడమ కనుబొమ్మ లేదు. ముందు జుట్టు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయింది. నుదుటి మీద అరచేయంత మేర ఎర్రగా కమిలింది.

"ఏం చేశావమ్మా?" అన్నాడు.

"మీ నాన్న చేసినట్టే చేశాను. గరాజ్‌లో చలికి మందు చెమ్మెక్కిపోతుందని తెచ్చి ఆరబోశాను. చిటికెడు దీపంలో వేసి చూశాను. మన మందు చిటపటమంటది కదా, ఇది గుప్పుమని మీదికొచ్చింది. అమ్మినవాడు గంధకం ఎక్కువేశాడేమోరా."

తణుకులో ప్రతి దీపావళికీ నాన్న సూరేకారం, బొగ్గు కలిపేవాడు. అమ్మ గొట్టాలు చుట్టేది. పిల్లలు కూర్చుని కూరేవాళ్ళు. ఇన్నేళ్ళలో విజయకుమార్‌కి ఒక్కసారి కూడా గుర్తురాలేదది.

"నువ్వే కదా, మందు తెచ్చాను ఇంట్లో కూరుకుందాం అన్నావు," అందావిడ. "మీ నాన్న పోయాక మనింట్లో కూరనే లేదు. నీకు గుర్తుందనుకున్నాను."

అతను పచ్చిక మీద తడుస్తున్న పళ్ళెం వైపు చెయ్యి చూపించాడు.

"అది మతాబాల మందు కాదమ్మా. తూటాల్లో పోసేది."

"కాగితం కాల్చడానికి ఇంత మందెందుకురా?"

అవును, కాగితానికే అని ఇప్పుడు కూడా అనేయొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. లేని కనుబొమ్మ వైపు చూశాడు.

"కాగితం కాదమ్మా. జింకలు. నేను జింకల్ని కొడతాను."

ప్రభావతమ్మ కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చుంది.

"జైల్లో పెడతార్రా," అంది.

"ఇక్కడ పెట్టరు. లైసెన్సుంది."

ఆవిడ చూపు నెమ్మదిగా వంటింటి వైపు మళ్ళింది. ఫ్రీజర్ మీద ఆగింది.

"వేట," అంది.

అతను తల దించుకున్నాడు.

"నా చేత్తో వండించావు. రెండోసారి వడ్డించుకున్నావు."

"నేను అబద్ధం ఆడలేదమ్మా."

"ఆడుంటే బాగుండేది. నీ అబద్ధం చిన్నప్పట్నించీ నాకు ఇట్టే తెలిసిపోద్ది. నా మాటలే తెచ్చి నాకిచ్చావు. ఎలా అనుమానపడను?"

మంట నెప్పి అప్పుడే తెలిసినట్టు ఆవిడ నుదురు పట్టుకుంది. అతను గ్లాసుతో నీళ్ళు తెచ్చి, గుడ్డ తడిపి నుదుటి మీద వేశాడు. ఆవిడ చెయ్యి తోసేయలేదు. అతని ముఖంలోకి మాత్రం చూడలేదు.

"ఈ ఇంట్లో ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పు," అంది కళ్ళు మూసుకుని. "అసలు పేర్లతో చెప్పు. నాకర్థం కాకపోయినా ఫర్లేదు."

అతను ఆవిడ కాళ్ళ దగ్గర, ఆరుతున్న గొట్టాల మధ్య కూర్చున్నాడు. ప్రెస్సు అన్నాడు. త్రాసు అన్నాడు. అచ్చులు, ఇత్తడి తొడుగులు, గుళ్ళు, పుస్తకం అన్నాడు. ఫ్రీజర్‌లో జింక కాలు అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు.

"అంతేనా?"

"మందు దాచే పెట్టె ఉండాలమ్మా, తాళం వేసేది. ప్రెస్సుకంటే ముందు అదే కొనమన్నారు," అన్నాడు. "కొనలేదు."